గుడి మనది, లెక్క ఎవరిది?

(విచారణల నుంచి వచ్చిన ఉపదేశులు, యువజన సంఘాల వాళ్ళు, పొదుపు సంఘాల అక్కలు కూర్చున్న శిక్షణ తరగతిలో మా సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



కతోలిక విచారణల్లో సామాజిక న్యాయం, చదువు, ఈ రెండిటి మీద మాట్లాడమని మమ్మల్ని పిలిచారు. ఈ మాటలు విచారణల్లో వినబడనివేం కాదు. మేత్రాసనం తరఫున సోషల్ సర్వీస్ సెంటరు నడుస్తుంది. తపస్సుకాలంలో పేదల పేరున కానుకలు పడతారు. నవంబరు రెండో ఆదివారం దళిత విమోచన ఆదివారమని పైనుంచి కాగితం వస్తుంది. కొన్ని గుళ్ళలో ఆ ప్రార్థన చదువుతారు. కొన్ని గుళ్ళలో ఆ కాగితం బీరువా దాటదు. రోము నుంచి ఢిల్లీకి, ఢిల్లీ నుంచి బిషప్ హౌసుకి, బిషప్ హౌసు నుంచి ఫాదర్‌గారి బంగళాకి కాగితం చేరుతున్నది. అక్కణ్ణించి మాలపల్లెకి, మాదిగగూడేనికి ఎంత దూరం? రెండు కిలోమీటర్లు. సముద్రాలు దాటి వచ్చిన కాగితం ఆ రెండు కిలోమీటర్లు ఎందుకు నడవలేకపోతున్నదో ఈ పూట మాట్లాడుకుందాం.

ముందు ఆ కాగితాల్లో ఏముందో తెలియాలి. తెలియకుండా అడిగితే 'మీకేం తెలుసు, కూర్చోండి' అంటారు.

బాబాసాహెబ్ అంబేడ్కర్ 1891 ఏప్రిల్ 14న పుట్టారు. నెల తిరిగేసరికి, మే 15న, 13వ లియో పోపుగారు రోములో ఒక విశ్వలేఖ రాశారు. దాని పేరు 'రేరుం నొవారుం'. కష్టం చేసినవాడికి ఇల్లు గడిచేంత కూలి ఇవ్వాలి, కూలివాళ్ళు సంఘం పెట్టుకోవచ్చు అని అందులో ఉంది. యూరప్ ఫ్యాక్టరీ కార్మికుల్ని చూసి రాసిన లేఖ అది. అంటరానితనం ఆ లేఖ రాసిన చెయ్యికి తెలియదు. తెలిసిన చెయ్యి మౌలో అప్పుడే పుట్టిన బిడ్డది.

తర్వాత 1962 నుంచి 1965 దాకా రెండవ వాటికన్ మహాసభ జరిగింది. 1971లో బిషప్పుల సభ రోములో కూర్చుని న్యాయం మీద ఒక పత్రం రాసింది. అన్యాయం మీద పని చేయడం సువార్త ప్రకటనలోనే భాగమని, అది వేరే పక్కపని కాదని అందులో చెప్పారు. ఇంకొక మాట కూడా చెప్పారు, అది మనకు చాలా ముఖ్యం. ఇతరులకు న్యాయం చెప్పేవాళ్ళు ముందు జనం కళ్ళకు న్యాయంగా కనబడాలి, తిరుసభలో పని చేసేవాళ్ళకు బతుకు గడిచే జీతం అందాలి అన్నారు. అన్నది బిషప్పులే.

ఉపదేశి పెద్దలు ముందు వరసలో కూర్చున్నారు, వాళ్ళనే అడుగుతున్నాం. ఫాదర్‌గారు నెలకొకసారి పూజకు వస్తారు. మిగిలిన ఆదివారాలన్నీ ప్రార్థన నడిపేది ఎవరు? పిల్లలకు సత్యోపదేశం చెప్పేది, జబ్బు చేస్తే మంచం పక్కన కూర్చునేది, చనిపోతే సమాధి దాకా నడిచేది ఎవరు? ఉపదేశి. 2021 మే నెలలో ఫ్రాన్సిస్ పోపుగారు ఉపదేశి పనిని తిరుసభలో అధికారిక పరిచర్యగా నిలబెట్టారు. మంచిదే. మరి జీతమో? వారంలో ఆరు రోజులు మిరప కోతకి పోతేనే ఇంట్లో పొయ్యి వెలిగే ఉపదేశులు ఈ గదిలోనే ఉన్నారు. 1891 లేఖ చదివిన ఫాదర్‌గారు తన ఉపదేశి కూలి లెక్క ఒకసారి వేసి చూడాలి.

అక్కల సంగతి కూడా ఇక్కడే. గుడి ఊడ్చేది, పీఠానికి పూలు కట్టేది, పండక్కి వంట చేసేది వాళ్ళు. 2021 జనవరిలో పీఠం దగ్గర వాక్యం చదివే పరిచర్యను అధికారికంగా ఆడవాళ్ళకూ తెరిచారు. మీ గుళ్ళో గూడెం ఆడపిల్ల ఎప్పుడు చదివిందో గుర్తు చేసుకోండి.

ఇక కులం. తెలుగు కతోలికుల కథ మనతో మొదలవలేదు. 18వ శతాబ్దంలో ఫ్రెంచి జెస్యూట్ గురువులు వచ్చినప్పుడు కొన్ని రెడ్డి, కమ్మ కుటుంబాలు జ్ఞానస్నానం తీసుకున్నాయి. ఆ నీళ్ళకు తల తడిసింది గాని కులం తడవలేదు. మాల మాదిగలు గుంపులు గుంపులుగా వచ్చింది తర్వాత, 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దంలో. అప్పటికే ముందు వరసలో కుర్చీలు నిండి ఉన్నాయి. మనవాళ్ళు పాలపొడికి మతం మారారని ఎగతాళి చేసినవాళ్ళున్నారు. పాలపొడి డబ్బా రాకముందే మన తాతలు తమ పెద్దమాదిగ, పెద్దమాల వెంట పల్లెకు పల్లెగా కదిలి వచ్చారు. తల ఎత్తుకుని నిలబడే చోటు వెతుక్కుంటూ వచ్చారు.

తమిళనాడులో ఈ గొడవ బయటపడి కొట్టుకునే దాకా పోయింది. ఎరయూరులో 2008 మార్చిలో దళిత కతోలికులు తమకు వేరే విచారణ కావాలన్నారు. గుళ్ళో, ఊరేగింపులో, సమాధుల దగ్గర వివక్ష భరించలేక అడిగారు. ఇళ్ళ మీద దాడులు జరిగాయి, పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. తిరుచిరాపల్లిలో సమాధుల దొడ్డి మధ్యన కులపు గోడ ఎన్నేళ్ళు నిలబడిందో ఆ రాష్ట్రం వాళ్ళని అడగండి. చచ్చినవాళ్ళ మధ్య గోడ! 2003 నవంబరులో తమిళనాడు బిషప్పులు రోముకు పోయినప్పుడు, కులపు పట్టింపు మనుషుల మధ్య ఉండాల్సిన నిజమైన ఐక్యతకు ఎదురు నడుస్తుందని రెండవ జాన్ పాల్ పోపుగారు వాళ్ళ ముఖం మీదే చెప్పారు. మన దగ్గర గోడలు తక్కువ, చూపులు ఎక్కువ. పండగ కమిటీలో ఎవరు, తేరు ముందు ఎవరు, పెళ్ళి సంబంధం ఎవరితో, ఫాదర్‌గారి భోజనం ఎవరింట్లో? ఇక్కడ చూస్తే కులం దొరుకుతుంది.

మనలో మనకూ ఉంది. ఫలానా బిషప్పు మాలా, మాదిగా అని లెక్క పెట్టుకునేది మనమే. 1994లో ఈదుమూడిలో దండోరా మోగినప్పుడు లేచిన ప్రశ్న గుడి గోడల బయట ఆగలేదు. వర్గీకరణ మీద 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక ఆ చర్చ మళ్ళీ పూజ అయ్యాక చెట్టు కింద నడుస్తున్నది. నడవనివ్వండి. మాదిగ కతోలికుడి మాట వినని దళిత ఐక్యత మాకొద్దు.

2000లో మారంపూడి జోజిగారు హైదరాబాదు ఆర్చిబిషప్పు అయినప్పుడు దేశంలో తొలి దళిత ఆర్చిబిషప్పు అని సంబరపడ్డాం. 2022 ఆగస్టు 27న పూల ఆంథోని గారు తొలి దళిత కార్డినల్ అయినప్పుడు పల్లెల్లో స్వీట్లు పంచారు. పంచాల్సిందే. దేశంలో కతోలికుల్లో సగానికి పైగా దళితులే అని తిరుసభ పెద్దలే చెబుతుంటే, 2022 దాకా ఒక్క దళిత కార్డినల్ లేకపోవడమే విడ్డూరం. 2016 డిసెంబరులో భారత కతోలిక బిషప్పుల సమాఖ్య దళిత సాధికారత విధానం అని ఒక పత్రం విడుదల చేసింది. కుల వివక్ష ఘోరమైన సామాజిక పాపమని అందులో ఉంది. నాయకత్వంలో దళితులు బహు తక్కువని ఒప్పుకున్నారు. మేత్రాసనాలు కార్యక్రమాలు వేసుకుని అమలు చేయాలన్నారు. ఆ పత్రం తెలుగులో మీ విచారణకు వచ్చిందా? చేతులెత్తండి అంటే ఇందాక ఎన్ని చేతులు లేచాయో మీరే చూశారు.

మేలు జరగలేదని మేం అనం. కువ్వారం వద్దు. సోషల్ సర్వీసు వాళ్ళు పల్లెలో బోరింగు వేశారు, ఇళ్ళు కట్టించారు, పొదుపు సంఘాలు పెట్టించారు. ఊరి బావి దగ్గర దోసిలి పట్టి నిలబడ్డ తరానికి వాడలో బోరింగు పడటమంటే ఏంటో మా అమ్మల్ని అడగండి. సిస్టరమ్మలు నడిపిన ఆస్పత్రి లేకపోతే మాలో సగం మంది పురిట్లోనే పోయేవాళ్ళం. కానీ పల్లెలో బోరింగు వేసిన చెయ్యి ఊరి బావి ఎందుకు ముట్టుకోనివ్వరని అడగలేదు. ఇల్లు కట్టించింది గాని పట్టా గురించి అడగలేదు. దానం చేస్తే దణ్ణం పెట్టించుకోవచ్చు, హక్కు అడిగితే ఊళ్ళో పెద్దలతో చెడుతుంది. ఎంత దాకా చెడితే ఓర్చుకుంటారన్నదే విచారణకు అసలు పరీక్ష.

ఒక ఊరి సంగతి చెబుతాం. ఊరి పేరు వద్దు, కేసు ఇంకా నడుస్తున్నది. అదొక సబ్‌స్టేషన్, అరవై గడపల గూడెం. అక్కడ కుర్రాళ్ళు, అక్కలు కలిసి పూజ అయ్యాక ఒక గంట కూర్చోవడం మొదలుపెట్టారు. బెల్జియంలో జోసెఫ్ కార్డైన్ అనే గురువు కార్మిక కుర్రాళ్ళకు నేర్పిన పద్ధతి ఒకటుంది: చూడు, తూచు, చెయ్యి. ముందు ఉన్నది ఉన్నట్టు చూడాలి. తర్వాత సువార్తతో, న్యాయంతో తూచాలి. తర్వాత చేయగలిగింది చెయ్యాలి. 1961లో 23వ జాన్ పోపుగారు దీన్ని విశ్వలేఖలోనే ఒప్పుకున్నారు, కనుక ఇది కమ్యూనిస్టుల పద్ధతి అని ఎవరైనా అంటే ఆ లేఖ చూపించండి.

మొదటి ఆదివారం బడి మానిన పిల్లల పేర్లు రాశారు. రెండో ఆదివారం ఇంటి పట్టాలు లేనివాళ్ళు. మూడో ఆదివారం ఒక ముసలాయన లేచి, "ఇవన్నీ సరే, నన్నెక్కడ పూడుస్తార్రా?" అన్నాడు. అందరూ నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. అంతకు ముందు వానాకాలం ఒక శవాన్ని చేలగట్టు మీద దించి సాయంత్రం దాకా కూర్చున్నారు వాళ్ళు. సమాధుల దొడ్డి పోరంబోకును పక్కనున్న రొయ్యల చెరువు మింగేసింది. పాత సమాధుల సిలువలు చెరువు గట్టు మట్టిలో కలిసిపోయాయి.

అప్పుడు చూడటం అంటే ఏంటో తెలిసింది వాళ్ళకి. సమాచార హక్కు కింద అర్జీ పెట్టారు. దారిద్ర్యరేఖ కింద ఉన్నవాళ్ళకు ఆ అర్జీకి ఫీజు లేదు, ఇది గుర్తుంచుకోండి. అడంగల్, ఎఫ్.ఎం.బి. పటం నకళ్ళు తీశారు. సర్వే నంబరు దగ్గర 'శ్మశానం' అని స్పష్టంగా ఉంది. చెరువు తవ్విన ఆసామి ఎవరు? మన మతం వాడే. పెద్ద విచారణ గుళ్ళో ముందు బెంచీలో కూర్చునేవాడు, పండక్కి లైటింగు ఖర్చు పెట్టుకునేవాడు.

కుర్రాళ్ళు ఫాదర్‌గారి దగ్గరికి పోయారు. "నేను అందరికీ గురువును రా బాబూ, ఒక పక్కన ఎట్లా నిలబడను?" అన్నారాయన. మంచి మనిషే. చర్చి మరమ్మతు సగంలో ఉంది, ఆ ఆసామి చందా రావాల్సి ఉంది. పొదుపు సంఘం అక్క ఒకామె ఆయన్ని ఒక్కటే అడిగింది: "ఫాదర్‌గారూ, రేపు మా అత్త పోతే మీరొచ్చి సమాధి మీద నీళ్ళు చల్లాలి కదా, ఆ సమాధి ఎక్కడ తవ్వమంటారో చెప్పండి." ఆయన దగ్గర జవాబు లేదు. ఆ ఏడాది గూడెం నుంచి పండగ చందా పోలేదు. గొడవ చేయలేదు, తిట్టలేదు, చందా మాత్రం పంపలేదు. మూడు నెలలకు ఫాదర్‌గారు పీఠం మీద నుంచి 2016 పత్రంలో ముక్క చదివారు. తర్వాత తహసీల్దారు దగ్గరికి అర్జీ పట్టుకుని వాళ్ళతో పాటు తనూ పోయారు. సర్వేయరు వచ్చి రాళ్ళు పాతాడు. సగం భూమి బయటపడింది. మిగతా సగం మీద ఆసామి స్టే తెచ్చాడు. అడిగిన ముసలాయన మొన్న తపస్సుకాలంలో పోయాడు. బయటపడిన సగంలోనే పూడ్చారు.

ఇదీ విచారణలో సామాజిక న్యాయ విద్య అంటే. హోటల్లో మీటింగు పెట్టి, బ్యానరు కట్టి, టీ బిస్కెట్లు ఇచ్చి పంపేది కాదు.

ఇప్పుడు తిరుసభ చట్టం సంగతి. 1983 చట్టం ఫాదర్లు సెమినరీలో పరీక్షకు చదువుతారు, మనకు చెప్పరు. అంకెలు రాసుకోండి. 208: జ్ఞానస్నానం పొందిన వాళ్ళందరూ గౌరవంలో సమానం. 212: తిరుసభ మేలు కోసం తమ అభిప్రాయాన్ని గురువులకు చెప్పడం విశ్వాసుల హక్కు, ఒక్కోసారి బాధ్యత కూడా. 222: సామాజిక న్యాయం కోసం పాటుపడటం విశ్వాసులందరి బాధ్యత. 537: ప్రతి విచారణలో ఆర్థిక సంఘం ఉండి తీరాలి. 1287: విశ్వాసులు ఇచ్చిన కానుకలకు విశ్వాసులకు లెక్క చెప్పాలి. గూడెం కానుక గూడెం కష్టమే. లెక్క అడగడం తిరుగుబాటు కింద రాదు, చట్టంలో ఉన్నదే. మర్యాదగా అడగండి, రాతపూర్వకంగా అడగండి, నలుగురు కలిసి పోండి.

చదువు గురించి కొంచెం కోపంగానే మాట్లాడాలి. మా తరం ఆర్.సి.ఎం. బళ్ళలో అక్షరాలు దిద్దింది. పలక, మధ్యాహ్నం ఉప్మా, సిస్టరమ్మ బెత్తం, మూడూ గుర్తున్నాయి. ఆ పల్లె బళ్ళు ఇప్పుడు ఎన్ని మిగిలాయి? 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎయిడెడ్ టీచర్లను తనలోకి తీసుకోవడం మొదలుపెట్టింది, నవంబరుకల్లా ఇష్టమైతే వెనక్కి తగ్గవచ్చని యాజమాన్యాలకు చెప్పింది. అప్పటికే టీచరు పోయిన బడి బడిగా నిలుస్తుందా? అదే సమయంలో పట్నంలో ఇంగ్లీషు మీడియం బళ్ళు అంతస్తు మీద అంతస్తు లేస్తున్నాయి. వాటి ఫీజు మన కూలితో తూగదు.

మైనారిటీ బళ్ళు నడిపే హక్కు రాజ్యాంగం 30వ అధికరణం ఇచ్చింది. దాన్ని మేం కాపాడతాం, దాని మీద చెయ్యి వేస్తే ఎదురు నిలుస్తాం. కానీ 2009 విద్యాహక్కు చట్టం ప్రైవేటు బళ్ళలో నూటికి 25 సీట్లు పేదలకివ్వమంటే, మైనారిటీ బళ్ళకు ఆ చట్టం వర్తించదని 2014 మేలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. 2025 సెప్టెంబరులో ఇద్దరు న్యాయమూర్తులు ఆ తీర్పు సరైనదేనా అని సందేహపడి పెద్ద ధర్మాసనం చూడాలన్నారు. కోర్టు సంగతి కోర్టుది. మా ప్రశ్న వేరు. మైనారిటీ అన్న లెక్క ఎవరి తలలు లెక్కపెడితే వచ్చింది? సగానికి పైగా మన తలలే కదా! ఆ తలల పిల్లలకు సీటు ఏది? చట్టం బలవంతపెట్టకపోయినా ఇవ్వొద్దని ఏ చట్టమూ చెప్పలేదు.

రిజర్వేషన్ గురించి తప్పకుండా అడుగుతారు కాబట్టి చెబుతాం. 1950 ఆగస్టు 10 రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులను మాత్రమే ఎస్సీలన్నది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. మనల్ని చేర్చలేదు. మతంతో ముడి తీసేయమని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ చెప్పింది. 2022 అక్టోబరులో మళ్ళీ బాలకృష్ణన్ కమిషన్ వేశారు. మన దగ్గర క్రైస్తవులైన ఎస్సీలకు బీసీ 'సి'లో ఒక్క శాతం. 1977 నాటి 341 నంబరు జీవో చట్టబద్ధం కాని రాయితీలను మనకూ వర్తింపజేసింది, ఆ జీవో నకలు ప్రతి విచారణలో గోడకు అంటించి ఉండాలి. 2024 నవంబరులో పుదుచ్చేరి కేసులో సుప్రీంకోర్టు జ్ఞానస్నానం మాట ఎత్తి ఒకామెకు ఎస్సీ సర్టిఫికెట్ లేదన్నది. 2025లో ఒక పాస్టరు కేసులో, మతం మారినవాడికి అత్యాచార నిరోధక చట్టం వర్తించదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. 1985లో కారంచేడులో ఆరుగుర్ని, 1991లో చుండూరులో ఎనిమిది మందిని చంపినవాళ్ళు ఏ గుడికి పోతావని అడిగి చంపారా? పల్లె చూసి చంపారు.

అందుకే మన జనానికి గుళ్ళో గొంతు రాదు. పేరు బయటపడితే పిల్లవాడి సర్టిఫికెట్ ఏమవుతుందోనని భయం. ఆ భయం తెలియని ఫాదర్‌గారు "మీవాళ్ళు కమిటీల్లోకి రారు" అని నిష్ఠూరమాడతారు. ఆగస్టు 10ని నల్లదినంగా పాటించమని తిరుసభ పెద్దలే పిలుపిచ్చారు. ఆ రోజు విచారణ మొత్తం, ముందు బెంచీతో సహా, మండల ఆఫీసు దాకా నడిస్తే ఆ భయం కొంత తగ్గుతుంది.

ఇప్పుడు పని. వచ్చే నాలుగు ఆదివారాలు మీ మీ ఊళ్ళలో పూజ అయ్యాక గంట కూర్చోండి. బడి మానిన పిల్లల పేర్లు, పట్టాలు లేని ఇళ్ళు, సమాధుల దొడ్డి సర్వే నంబరు, విచారణ ఆర్థిక సంఘంలో ఉన్నవాళ్ళ పేర్లు, ఉపదేశికి నెలకు ఎంత ఇస్తున్నారు, ఈ ఐదూ ఒక నోటు పుస్తకంలో రాయండి. రాయడం రానివాళ్ళు చెప్పండి, పిల్లల చేత రాయించండి. అయిదో ఆదివారం పుస్తకాలు తీసుకుని అందరం ఇక్కడికే వద్దాం. అన్నం మేం వండిస్తాం. ఎంతమంది వస్తారో శుక్రవారం కల్లా కబురు చేయండి.

జై భీమ్.